ఇంగ్లండ్ పాత ప్రిపరేటరీ స్కూళ్లలో టీచర్లుగా అంతమంది రైటర్లు ఎందుకున్నారు?

సింపుల్‌గా చెప్పాలంటే, ఆ ఉద్యోగానికి ట్రైనింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన కుర్రాడైతే చాలు, పైగా తిండీ గదీ స్కూల్లోనే. ఈ ప్రిపరేటరీ స్కూళ్లంటే ఎనిమిది నుంచి పదమూడేళ్ల మగపిల్లల ప్రైవేట్ బోర్డింగ్ స్కూళ్లు కదా, పాఠం చెప్పే సారే సాయంత్రం క్రికెట్ ఆడించాలి, రాత్రి డార్మిటరీలో లైట్లు ఆర్పించాలి.

నవలా రచయిత ఈవ్లిన్ వా అప్పులపాలై 1925లో వేల్స్‌లో ఇలాంటి స్కూల్లో చేరాడు, ఏడుస్తూనే చేశాడనుకోండి. కవి ఆడెన్ మాత్రం 1932 నుంచి 1935 దాకా డౌన్స్ స్కూల్లో హాయిగా ఉన్నాడు. లండన్‌లోని హైగేట్ స్కూల్లో కవి టి.ఎస్. ఎలియట్ కొన్నాళ్లు పాఠాలు చెప్పాడు, అక్కడి స్టూడెంట్ జాన్ బెట్జమన్, తర్వాత పెద్ద కవయ్యాడు, తన చిన్ననాటి కవితలు ఆయన చేతిలో పెట్టాడట. ఇప్పటికీ ఇంగ్లండ్‌లో ప్రైవేట్ స్కూల్ టీచర్‌కి చట్టప్రకారం ట్రైనింగ్ తప్పనిసరి కాదు.