కాలి బయటివైపు నరం ఉబ్బితే లేజర్‌కి తొందర పడొద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి 9 ఏళ్లు. కుడి కాలికి తొడ నుంచి పిక్క దాకా పుట్టుకతోనే ద్రాక్షరంగు మచ్చ ఉంది. 5 ఏళ్లు వచ్చేసరికి అదే కాలికి బయటివైపు, చీలమండ నుంచి తొడ దాకా నీలంగా నరం తేలింది. ఇప్పుడు ఆ కాలు లావుగా, కాస్త పొడుగ్గా కూడా కనిపిస్తోంది. ఊళ్లో బోదకాలంటున్నారు. మా అత్తగారేమో నేను కడుపుతో ఉండగా గ్రహణం నాడు బయట తిరిగానని రోజూ ఎత్తిపొడుస్తున్నారు. ఒక ఆసుపత్రిలో చూపిస్తే వేరికోస్, లేజర్ చేసేస్తాం, వచ్చే వారం రండి అన్నారు, స్కానింగ్ ఏదీ తీయలేదు. చేయించమంటారా?
— ఒక తల్లి, రాజోలు

జవాబు: వద్దమ్మా, స్కానింగ్ లేకుండా అసలు ఒప్పుకోకండి.

ఉత్తరం చూసి ఖాయం చేయలేను గానీ మచ్చ, నరం, కాలు పెరగడం మూడూ ఒకే కాలికి ఉన్నాయంటే క్లిప్పెల్-ట్రెనానే సిండ్రోమ్ అని అనుమానించాలి. 1900లో ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు వర్ణించిన అరుదైన జబ్బు ఇది. మామూలు వేరికోస్, అంటే నరాలు ఉబ్బి మెలికలు తిరగడం, పెద్దవాళ్లకి, ఎక్కువగా కాలి లోపలివైపు వస్తుంది, చిన్నపిల్లకి బయటివైపు వచ్చిందంటేనే ఆగి ఆలోచించాలి. మన గోదావరి జిల్లాల్లో కాలు లావెక్కితే చాలు బోదకాలనేస్తారు, అది దోమకాటుతో పురుగు ఒంట్లో చేరి ఏళ్ల తరబడి లింఫు నాళాలను పాడుచేస్తే వచ్చేది, పుట్టుమచ్చకీ దానికీ సంబంధం లేదు. గ్రహణం మాట కూడా వదిలేయండి. బిడ్డ కడుపులో రూపు కట్టేటప్పుడు కొన్ని కణాల్లో మాత్రమే, చాలామందిలో పీఐకే3సీఏ అనే జన్యువులో, వచ్చిన మార్పు ఇది. మీ వైపు నుంచీ కాదు, మీవారి వైపు నుంచీ కాదు, ఈ ముక్క అత్తగారికి చదివి వినిపించండి.

ఇక లేజర్ సంగతి. ఈ జబ్బున్న కొందరిలో కాలి లోతున ఉండే పెద్ద సిరలు (రక్తాన్ని గుండెకి చేర్చే నాళాలు, మనం నరాలనేవే) సరిగా ఏర్పడవు, ఒక్కోసారి అసలు ఉండవు, రక్తం పైకి వెళ్లేది ఆ బయటి నరం గుండానే. పెద్ద మురుగు కాలవ పూడిపోయి నీళ్లన్నీ పిల్లకాలవలోంచి దిగుతున్నప్పుడు దానికి కూడా అడ్డుకట్ట వేస్తే చేను ఏమవుతుందో కోనసీమ వాళ్లకి నేను చెప్పాలా! అందుకే ముందు డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూపే స్కానింగ్), తర్వాత ఎమ్మారై తీసి లోతున ఉన్న సిరలు బాగానే ఉన్నాయని తేలితేనే ఆ నరాన్ని లేజర్‌తోనో ఇంజక్షన్‌తోనో మూయాలి. కాకినాడలోనో విశాఖలోనో వాస్కులర్ సర్జన్‌కి, అంటే రక్తనాళాల డాక్టర్‌కి, చూపించండి.

ఈలోగా కొలత తీసి ఇచ్చే బిగుతు మేజోడు, అదీ డాక్టర్ చూసి రాసిందే వాడాలి, పొద్దున మంచం దిగకముందే తొడిగి రాత్రి తీసేయాలి. మన ఉక్కకి చెమట పట్టి పాప గొడవ చేస్తుంది, నిజమే, రెండు జతలుంటే ఉతికి మార్చుకోవచ్చు. పిల్ల ఎదిగే కొద్దీ కొలత మారుతుంది. కాళ్ల పొడుగు ఎక్స్‌రేతో కొలిపించండి, తేడా 2 సెంటీమీటర్ల లోపుంటే సాధారణంగా రెండో కాలి చెప్పులో ఎత్తు వేస్తే సరిపోతుంది. మచ్చ మీద రక్తం కారితే పడుకోబెట్టి కాలు ఎత్తి గుడ్డతో గట్టిగా అదమండి. నరం గట్టిపడి నొప్పి పెడితే ఆ రోజే చూపించాలి, ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే, రక్తం గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండొచ్చు. పెద్దయ్యాక ఎవరైనా గర్భనిరోధక మాత్రలు రాస్తే ఈ జబ్బు సంగతి ముందే చెప్పమనండి, వాటిలో కొన్నింటితో గడ్డల భయం పెరుగుతుంది.