'ఎ' సైడు చివర మిగిలిన మూడు నిమిషాలు

ప్రశ్న: ప్రతి వారం రకరకాల జానర్లలో వచ్చే కొత్త సంగీతాన్ని మీరు ఎలా తెలుసుకుంటారు? మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి.

యాప్ అడిగారు గనక ఆ ముక్క ముందే చెప్పేస్తాను. నా ఫోనులో మూడున్నాయి. మూడింటికీ డబ్బు కడుతున్నాను. నాకు నిజంగా నచ్చిన కొత్త పాట ఒక్కటి కూడా వాటంతట అవి చూపించిన పాపాన పోలేదు. నేను కొత్తవి వెతుక్కునే పద్ధతి నాకు అబ్బింది పాలకొల్లులో, ఒక క్యాసెట్ల షాపులో. ఆయన పేరు రాయను, మనిషి ఇప్పుడు లేడు, షాపు కూడా మొబైల్ రీఛార్జుల కొట్టయిపోయింది.

1996 సంగతి. ఇంటర్ రెండో సంవత్సరం. కొత్త క్యాసెట్ కొనే స్తోమత లేనివాళ్లం ఖాళీ క్యాసెట్ ఒకటి కొనుక్కుని, నోట్‌బుక్కులోంచి కాగితం చింపి పాటల లిస్టు రాసి, రికార్డింగ్ షాపులో ఇచ్చేవాళ్లం. పాటకి రూపాయి. రేపు రమ్మంటే ఎల్లుండి వెళ్లాలి. సిక్స్‌టీ క్యాసెట్‌లో సైడుకి అరగంట. సినిమా పాట నాలుగున్నర నిమిషాలు వేసుకుంటే ఆరు పాటలు పడతాయి, చివర మూడు నిమిషాలు మిగులుతుంది. ఏడో పాట పట్టదు. మిగతా షాపులవాళ్లు దాన్ని అలాగే ఖాళీగా వదిలేసేవారు. ఈయన వదలడు. "డబ్బులెట్టి కొన్న టేపురా, బోడిగా వదిలేత్తే పాపం" అని ఆ మూడు నిమిషాల్లో తనకు నచ్చింది ఏదో ఒకటి ఎక్కించేసేవాడు. మనల్ని అడగడు. ఏం ఎక్కించాడో అట్ట మీద రాయడు. ఒకసారి షెహనాయి వచ్చింది, ఒకసారి ఘంటసాల పద్యం, ఇంకోసారి ఎవరో ఆడమనిషి పాడిన అరబ్బీ పాట. మా ఫ్రెండ్స్ చాలామంది ఆయన్ని తిట్టుకునేవారు. నేనూ తిట్టుకున్నాను, ఆ అరబ్బీ పాట విన్న రోజున.

ఓ రాత్రి మేడ మీద పడుకుని టేప్‌రికార్డర్ పెట్టుకున్నాను. 'ఎ' సైడు ఆరో పాట అయిపోయింది. లేచి తిప్పుదామా వద్దా అని బద్ధకిస్తుంటే మాండొలిన్ మొదలైంది. మాండొలిన్ నాకు కొత్తేం కాదు, పాలకొల్లులో పుట్టినవాడికి అది కొత్త ఎలా అవుతుంది! కానీ దాని వెనక మృదంగం లేదు, వయొలిన్ లేదు. ఏదో ఒక శబ్దం నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు సాగుతూ ఉంది, ఎక్కడా తెగడం లేదు. అది గిటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మాండొలిన్ దాని మీద నడుస్తూ నడుస్తూ, ఇక పరుగందుకుంటుంది అనగా టక్కుమని టేపు ఆగిపోయింది. మీట పైకి లేచింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ అక్కడే టక్. ఆ రాత్రి ఎన్నిసార్లు విన్నానో గానీ, బ్యాటరీలు అయిపోయి పొద్దున్న నాన్నతో తిట్లు తిన్నాను.

కాలేజీ మానేసి షాపుకి వెళ్లాను.

"బాబాయ్‌గారూ, ఆ చివర్లో వేసిందేంటండీ? మధ్యలో కోసేశారేంటండీ?"

"టేపయిపోతే నేనేం చెయ్యనురా అబ్బాయ్, నా ఇంట్లోంచి ముక్క తెచ్చి అతికించనా?" అని కాసేపు ఏడిపించి, సొరుగులోంచి ఒక క్యాసెట్ తీశాడు. కువైట్ నుంచి వచ్చిన ఎవరో కాపీ తీసిమ్మని ఇచ్చారట. "మన ఊరి కుర్రాడే. దొరలతో కలిసి వాయించాడు" అన్నాడు. తనే వాయించినంత గర్వం ఆ మొహంలో. 'డ్రీమ్' అని దాని పేరు. ఒకరు మన యు. శ్రీనివాస్, రెండోవారు మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టు. రియల్ వరల్డ్ అనే కంపెనీ 1995లో వేసింది.

శ్రీనివాస్ గురించి మా ఊళ్లో వందసార్లు విన్నదే. తొమ్మిదేళ్లకే 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో వాయించాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు అది విని తీగల మీద పలికించేవాడు. ఇవన్నీ పెద్దవాళ్లు చెప్పుకునే గొప్పలు, నాకు చెవిలో పడి పోయేవి. ఆ రోజు నాకు పనికొచ్చింది మాత్రం క్యాసెట్ లోపల మడతపెట్టిన కాగితం. బాబాయ్‌గారు దాన్ని విప్పి కౌంటర్ మీద పరిచి, "పాట నచ్చితే పాడినోడి పేరు అందరూ చూత్తారు. నువ్వు ఈ చిన్నచ్చరాలు చూడు. ఈళ్లు ఇంకెక్కడో కూడా వాయించే ఉంటారు" అన్నాడు. నా లిస్టు కాగితం వెనకే ఆ పేర్లన్నీ ఎక్కించుకున్నాను. స్పెల్లింగులు సగం తప్పు.

మీరడిగిన ప్రశ్నకు నా జవాబు ఆ చిన్నక్షరాలే. మిగతాదంతా నా సోది, ఓపికుంటే చదవండి.

ఆ కాగితం నన్ను ఎక్కడెక్కడికి తీసుకెళ్లిందో చూడండి. డిగ్రీకి హైదరాబాద్ వచ్చాక మైకేల్ బ్రూక్ పేరు పట్టుకుని అబిడ్స్, కోఠి తిరిగితే నుస్రత్ ఫతే అలీ ఖాన్ దొరికాడు. ఆయన 'మస్త్ మస్త్' ఆల్బమ్ వెనక ఉన్నది ఇదే బ్రూక్, అదే రియల్ వరల్డ్, 1990. అందులో అదే పేరున్న పాటని మాసివ్ అటాక్ అనే బ్రిస్టల్ బృందం రీమిక్స్ చేసింది. అలా కవ్వాలీ వింటూ వింటూ ఇంగ్లండు కుర్రాళ్ల ఎలక్ట్రానిక్ సంగీతంలో పడ్డాను. మైకేల్ బ్రూక్ తయారుచేసిన ఆ తెగని గిటార్‌నే యూటూ అనే రాక్ బృందం గిటారిస్టు కూడా వాయించాడని తెలిసి, రాక్ అంటే గోల అనుకునే నేను రాక్ విన్నాను. జానర్ అన్న మాట నాకు అప్పటికి తెలియదు. ఇప్పటికీ ఆ మాట మీద నాకు గౌరవం లేదు. అది షాపువాడు అరలకు అంటించుకునే చీటీ. వాయించేవాడికి ఆ చీటీతో పని లేదు, ఈ రోజు ఇక్కడ వాయిస్తాడు, రేపు ఇంకోచోట. వాడి వెనకాల పోతే చాలు, రకరకాల జానర్లు వాటంతట అవే వస్తాయి.

ఇక ప్రతి వారం సంగతి. 2015 జులై 10 నుంచి ప్రపంచమంతా కొత్త ఆల్బమ్‌లకు శుక్రవారమే రిలీజు రోజు. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం ఉండేది. ఒకచోట వచ్చి ఇంకోచోట రాకపోతే పైరసీవాళ్లకు పండగ అని దాన్ని ఒకటి చేశారు. ఏ ఊళ్లో అర్ధరాత్రి దాటితే ఆ ఊళ్లో విడుదల. న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడికంటే ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటల ముందే మనకు చాలా ఆల్బమ్‌లు వచ్చేస్తాయి. "మామయ్యా, ఎలా ఉందో చెప్పకు" అని వాడు బతిమాలతాడు. అమెరికా వాడికంటే ముందు మనకు దొరికేది ఇదొక్కటే అనుకుంటా, అందుకని నేను చెప్పకుండా ఉండను.

నాకు కూకట్‌పల్లి నుంచి లక్డీకాపూల్ దాకా మెట్రో. శుక్రవారం పొద్దున్న ఆ ప్రయాణం కొత్త సంగీతానికే. ఒక నోట్‌బుక్ ఉంది, అందులో అన్నీ పేర్లే. గాయకులు తక్కువ, పక్కన వాయించేవాళ్లు, సౌండ్ ఇంజినీర్లు, చిన్న చిన్న లేబుళ్లు ఎక్కువ. నలుగురైదుగురి పేర్లు కొట్టి చూస్తాను, ఈ వారం ఎక్కడైనా తేలారా అని. డిస్కాగ్స్ అని రికార్డుల వివరాలు ఉండే సైటు ఉంది, అందులో ఒక పేరు నొక్కితే ఆ మనిషి పనిచేసిన రికార్డులన్నీ వరసగా వస్తాయి. కళాకారులు తమ సంగీతం తామే అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో వాళ్లే పేజీ కింద ఎవరెవరు వాయించారో రాస్తారు, చాలామంది శ్రద్ధగా రాస్తారు. 2023 మేలో అలాగే దొరికింది, జాకీర్ హుస్సేన్ తబలా, రాకేశ్ చౌరాసియా వేణువు, ఎడ్గర్ మేయర్ బాస్, బేలా ఫ్లెక్ బాంజో కలిసి చేసిన 'యాజ్ వి స్పీక్'. నేను జాకీర్ కోసం వెళ్లి బాంజోకి చిక్కాను. ఫ్లెక్ నుంచి ఆయన భార్య అబిగైల్ వాష్‌బర్న్, ఆవిడ దగ్గర్నుంచి వూ ఫే వాయించే గుజెంగ్ అనే చైనా వాద్యం. వాళ్లిద్దరి ఆల్బమ్ 2020లోనే వచ్చింది. అయితేనేం, నా చెవికి ఆ వారమే కొత్త.

ఇక యాప్ చూపించే 'కొత్త విడుదలలు' అన్న పేజీ తెరవండి. ఒక పాన్ ఇండియా సినిమా పాట తెలుగులో, తమిళంలో, హిందీలో, కన్నడలో, మలయాళంలో. ఒకే పాట, ఒకే బొమ్మ, ఐదు వరసలు. కింద దానిదే మెత్తబరిచిన లో-ఫై, దాని కింద స్లో చేసి రివర్బ్ అనే ప్రతిధ్వని పెట్టింది. బొమ్మ మీద హీరో. పాడింది ఎవరో తెలుసుకోవాలంటే మూడు చుక్కలు నొక్కి, క్రెడిట్స్ నొక్కి, అక్కడ సంగీత దర్శకుడి పేరు, కంపెనీ పేరు చూసి తృప్తి పడాలి. రాసిన కవి పేరు ఉంటే మన అదృష్టం. వీణ వాయించిన మనిషి, నాదస్వరం ఊదిన మనిషి అసలు పుట్టనే లేదన్నట్టు ఉంటుంది. ఇరవై రూపాయల క్యాసెట్ కాగితం మీద పట్టిన పేర్లు ఇంత పెద్ద ఫోనులో పట్టవా? ఈ విషయం మీద నేను ఒక యాప్‌వాళ్లకు మూడుసార్లు మెయిల్ పెట్టాను. మూడుసార్లూ 'మీ అభిప్రాయం మాకు ముఖ్యం' అని వచ్చింది.

ఇంకో కడుపుమంట కూడా ఉంది. స్పాటిఫైలాంటి చోట ముప్పై సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. అందుకే ఇప్పటి పాటల్లో పల్లవికి ముందు వచ్చే వాద్యాలు మాయమైపోయాయని నా గట్టి నమ్మకం. రుజువు అడక్కండి, మీ ఇంట్లో ఇళయరాజా పాట ఒకటి, మొన్నటి పాట ఒకటి పక్కపక్కన పెట్టి వినండి. మా అమ్మాయి "అలా ఏం కాదు నాన్నా, నువ్వు ముసలాడివైపోయావు" అంటుంది. అయ్యుండొచ్చు. కానీ అదే పిల్ల నా నోట్‌బుక్ చూసి, తను వినే కొరియన్ పాటలు ఏ స్వీడన్ రచయితలు రాస్తున్నారో పేర్లతో సహా పట్టుకుంది. ఇప్పుడు వాళ్ల పేర్లు కూడా నా నోట్‌బుక్కులోనే, నాకు తెలియకుండా, గులాబీ రంగు పెన్నుతో రాసి ఉంటాయి.

రోజుకు దాదాపు లక్ష కొత్త ట్రాకులు ఎక్కుతున్నాయంటారు. అన్నీ వినాలన్న టెన్షన్ పెట్టుకోకండి. నేను వారానికి ఒకటి, మహా అయితే రెండు ఆల్బమ్‌లు మొదట్నుంచి చివరిదాకా వింటాను. మొదటిసారి నచ్చకపోతే ఆ రోజే తీసెయ్యను, ఆదివారం ఇంకోసారి పెడతాను. ఆ అరబ్బీ పాట నాకు మూడోసారికి గానీ ఎక్కలేదు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబర్‌లో పోయాడు. నలభై ఐదేళ్లు. ఆయన పేరు నోట్‌బుక్ మొదటి పేజీలో మొదటిది, కొట్టెయ్యడానికి మనసొప్పక అలాగే ఉంచాను. 2023 జూన్ 30, శుక్రవారం. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్‌ల శక్తి అనే బృందం 46 ఏళ్ల తర్వాత స్టూడియో ఆల్బమ్ తెచ్చింది, 'దిస్ మొమెంట్'. ఆ బృందం రిమెంబర్ శక్తి అన్న పేరుతో తిరిగిన రోజుల్లో మాండొలిన్ మనవాడిదే. ఇందులో ఆయన లేడు, గణేష్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది. మెక్‌లాఫ్లిన్ పేరు కొట్టి చూస్తే ఆల్బమ్ వచ్చింది, భరత్‌నగర్ స్టేషన్ దాటుతుండగా తెరిచాను. మొదటి ట్రాక్ పేరు చూసి ఒక్క క్షణం అర్థం కాలేదు. 'శ్రీనీస్ డ్రీమ్'.

ఎందుకా పేరో యాప్‌లో ఎక్కడా రాసి లేదు. నా పక్కన నిలబడ్డ కుర్రాడు ఇయర్‌ఫోన్స్ లేకుండా రీల్స్ చూస్తున్నాడు, మామూలుగా అయితే నేను గొడవ పెట్టుకునేవాణ్ణే. ఏమీ అనలేదు. వాల్యూమ్ పెంచుకుని కళ్లు మూసుకున్నాను. ట్రాక్ చివరిదాకా వచ్చింది, మధ్యలో టేపు ఆగలేదు. లక్డీకాపూల్ ఎప్పుడు దాటిపోయిందో తెలీదు, నాంపల్లిలో దిగి వెనక్కి ఆటో మాట్లాడుకున్నాను. ఎనభై అడిగాడు, బేరం కూడా ఆడలేదు.