ఓడ మీద ఫొటో ప్యాకేజీ: కొనాలా, వద్దా?

ప్రశ్న: ఊరి నుంచి వచ్చిన మా అత్తమామలు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు కలిసి టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి 7 రాత్రుల కరీబియన్ క్రూజ్‌కి వెళ్తున్నాం. రెండు కేబిన్లు. ఓడలో తీసే ఫొటోలన్నీ డిజిటల్‌గా ఇచ్చే ప్యాకేజీ ముందే కొంటే 220 డాలర్లు, ఎక్కాక కొంటే ఇంకా ఎక్కువ అంటున్నారు. విడిగా ఒక్కో ఫొటో 25 డాలర్లట. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: 220ని 25తో భాగిస్తే 8.8. తొమ్మిదో ఫొటో నుంచి ప్యాకేజీయే చవక. ఏడు రాత్రుల్లో తొమ్మిది ఫొటోలు రావడం ఎంతసేపు! కానీ విడిగా అయితే 25 డాలర్లు పెట్టి కొనదగ్గవి తొమ్మిది ఉంటాయా అన్నది చూసుకోండి.

ఓడవాళ్లు ఫొటోలు తీసే చోట్లు ముఖ్యంగా నాలుగు. ఎక్కేరోజు తీసేదాంట్లో అందరి మొహాల మీదా కారు ప్రయాణం అలసట, భుజాలకు సంచులు కనిపిస్తాయి. రేవుల్లో దిగగానే తీసేదాంట్లో ఎండకు కళ్లు చికిలించుకుని, పక్కన ఏ డాల్ఫిన్ వేషగాడో ఉంటాడు. భోజనాల బల్ల దగ్గర తీసేదాంట్లో సగం మంది మొహాలు గ్లాసుల వెనక. ఈ మూడూ కలిపి రెండు కొంటే ఎక్కువ. డబ్బుకు తగినవి వచ్చేది నాలుగోచోట, అందరూ ముస్తాబై వచ్చే ఫార్మల్ నైట్‌లో. 7 రాత్రుల ప్రయాణంలో మామూలుగా అలాంటివి రెండుంటాయి. ఆ సాయంత్రం మెట్ల దగ్గరా లాబీలోనూ నాలుగైదు తెరలు కట్టి ఫొటోగ్రాఫర్లు నిలబడతారు. తీయించుకోవడానికి పైసా ఇవ్వక్కర్లేదు, కొంటేనే డబ్బు.

మీరు చేయాల్సిన పని ఇక్కడుంది. ఫొటోగ్రాఫర్ ఆరుగురినీ నిలబెట్టి రెండు క్లిక్కులు కొట్టి ‘తర్వాతివాళ్లు’ అంటాడు. కదలకండి. అత్తమామలిద్దరినే ఒకటి, వాళ్లతో మనవలు ఒకటి, మీ నలుగురు ఒకటి, పిల్లలిద్దరే ఒకటి అడిగి తీయించుకోండి. రెండు తెరల దగ్గర ఐదేసి చొప్పున ఇలా చేస్తే పది. ఇంటి గోడ మీద పెట్టుకునే అత్తమామల జంట ఫొటో చాలాసార్లు ఇలా అడిగినప్పుడే వస్తుంది. డిన్నర్‌కి ముప్పావుగంట ముందే వెళ్లండి, తర్వాత అయితే వరస పెరుగుతుంది, పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది. రెండు ఫార్మల్ నైట్‌లలో మొదటిదే మేలు. అది చాలావరకు రెండో రోజు, ఓడ ఇంకా సముద్రంలో ఉన్నప్పుడే వస్తుంది. దారిలో ఓడ ఆగే మెక్సికో రేవు కొజుమెల్ ఎండలో ముక్కులు కందిపోయాక తీసిన దానికి ఎంత మేకప్పూ చాలదు.

డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడగండి. మొదటిది, ప్యాకేజీ ఒక కేబిన్‌కా, రెండు కేబిన్లకూ కలిపా? ఫొటో తీశాక మీ కేబిన్ కార్డు స్కాన్ చేయడం వల్లో, మొహం గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వల్లో అది ఏదో ఒక కేబిన్ పేరు మీదికి వెళ్తుంది. అత్తమామల ఫొటోలు వాళ్ల కేబిన్ కింద పడిపోయి మీ ప్యాకేజీలో కనిపించకపోవడం మామూలే. మొదటిరోజే, ఓడలో ఫొటోలు చూపించి అమ్మే గ్యాలరీ కౌంటర్‌లో రెండు కేబిన్లనూ కలిపించండి. రెండోది, ‘అన్ని ఫొటోలూ’ అన్నదాంట్లో స్టూడియో పోర్ట్రెయిట్ ఉందా? అపాయింట్‌మెంట్ తీసుకుని తీసే ఖరీదైన స్టూడియో ఫొటోలను చాలా ఓడల్లో విడిగా అమ్ముతారు. మూడోది, ముందే కొని రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వస్తుందా? ఓడ కదిలేలోగా రద్దుకు ఒప్పుకుంటే ముందుగా కొనడమే లాభం.

మీరు ఆరుగురు, పెద్దవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు, రాత్రులు ఏడు. ఫొటోల బాధ్యత ఒకరు నెత్తినేసుకునేటట్టయితే కొనండి. ‘వీలైతే దిగుదాం’ అనుకునే ఇల్లయితే ఫార్మల్ నైట్‌వి రెండో మూడో విడిగా తీసుకోండి, 75 డాలర్లలో అయిపోతుంది.

ప్రశ్న: ఫార్మల్ నైట్‌కి చిలకపచ్చ కంచిపట్టు కట్టుకోవాలని ఉంది. కొన్నిచోట్ల ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టి తీస్తారట. ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇబ్బందే. తెర రంగు ఎక్కడ కనిపిస్తే అక్కడ చెరిపేసి, ఆ చోట సూర్యాస్తమయమో ఓడ బొమ్మో అతికించమని కంప్యూటర్‌కు చెబుతారు. మీ చీరా తెరా ఒకే రంగైతే అది తేడా కనిపెట్టలేదు. కుచ్చిళ్ల మధ్య సముద్రం కనిపిస్తుంది, పైట మీద మబ్బులు తేలతాయి. ముదురు ఆకుపచ్చకు ఈ ప్రమాదం తక్కువే గానీ నమ్ముకోలేం.

వేరే రంగు కట్టుకున్నా జరీని గమనించండి. జరీ అద్దంలాంటిది, తెర మీంచి పడే ఆకుపచ్చ వెలుగు అంచుకు అంటుకుంటుంది. తెల్ల పంచె అంచుకీ అంతే. తెరకు ఐదారడుగులు ముందుకు జరిగి నిలబడితే ఆ వెలుగు తగ్గుతుంది. తలలో పూలు, చెదిరిన వెంట్రుకలు ఉన్నచోట కత్తెరతో కోసినట్టు అంచు కనిపిస్తుంది కాబట్టి జడ బిగించి వేసుకోవడం మేలు. ఈ తెరకు మెరూన్, వంకాయరంగు, ముదురు నీలం బాగా నప్పుతాయి. చిలకపచ్చే కట్టుకోవాలంటే అచ్చువేసిన గుడ్డ తెర దగ్గరికో నిజమైన మెట్ల దగ్గరికో వెళ్లండి. మర్నాడే గ్యాలరీ స్క్రీన్ మీద కుచ్చిళ్లు, జడ అంచు పెద్దవి చేసి చూడండి. బాగాలేకపోతే మళ్లీ తీయమని అడగడానికి అప్పుడు టైముంటుంది.

ప్రశ్న: సింగపూర్ నుంచి 3 రాత్రుల క్రూజ్. మంచి ఫోనుంది. ప్యాకేజీ అవసరమా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు. మూడు రాత్రుల్లో ముస్తాబయ్యేది ఒక్కసారి, నచ్చితే అప్పటిది ఒకటి కొనండి. ఓడలో పెట్టే ఖర్చు విదేశీ కరెన్సీలో పడుతుంది, మన కార్డుల్లో చాలావాటికి దాని మీద 2 నుంచి 3.5 శాతం మార్కప్ (బ్యాంకు వేసే అదనపు రుసుము), ఆ మార్కప్ మీద జీఎస్‌టీ అదనం.

8×10 అంగుళాల ప్రింటు శుభ్రంగా రావాలంటే 3000×2400 పిక్సెళ్లు చాలు. 12 మెగాపిక్సెళ్ల ఫోను 4000×3000 ఇస్తుంది. జూమ్ చేయకుండా మెయిన్ కెమెరాతో తీయండి. ఏసీ కేబిన్లోంచి డెక్ మీదికి రాగానే లెన్సుకు ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, పది పదిహేను నిమిషాలు ఆగాల్సిందే. ఉప్పుగాలి జిడ్డును మాత్రం మెత్తటి గుడ్డతో తుడవాలి. పొద్దు గుంకిన తర్వాతి 20 నిమిషాల్లో తీయండి. ఇంకా చీకటిపడితే ఫోను ఎక్కువసేపు వెలుతురు పోగుచేస్తుంది, ఈలోగా ఓడ అదురుకు బొమ్మ చెదురుతుంది.

తోటి ప్రయాణికుడి చేతికి ఫోనివ్వాలంటే ముందు మీవాళ్లను నిలబెట్టి ఫ్రేము మీరే చూసుకోండి, ‘ఇక్కడే నిలబడి నొక్కండి చాలు’ అనండి. లేకపోతే పాదాలు తెగిపోయి ఆకాశం ఎక్కువొస్తుంది. తర్వాత వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: గ్యాలరీ స్క్రీన్ మీది బొమ్మను ఫోనులో కొట్టేస్తే సరిపోదా? కొన్నవాటిని ఇంటికొచ్చాక డౌన్‌లోడ్ చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మొదటిదానికి ఓడవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకున్నా స్క్రీన్ గీతలు అలలు అలలుగా బొమ్మ మీద పడతాయి.

రెండోదానికి, దిగేలోగా దించుకోవడమే మంచిది. కొనని ఫొటోలను ప్రయాణం అయ్యాక చాలా కంపెనీలు ఉంచవు, కొన్నవాటి లింకుకూ గడువుంటుంది. ఆఖరి రాత్రి గ్యాలరీ దగ్గర జాతరే, ఎంపిక ఒకరోజు ముందే ముగించండి. ఓడ ఖాతాలో వాడుకోని ఉచిత క్రెడిట్ (ఓడలో ఖర్చు పెట్టుకోమని ఇచ్చే సొమ్ము) ఉంటే చూసుకోండి, వెనక్కి ఇవ్వని క్రెడిట్ అయితే అది ఫొటోలకు వాడేయడం తెలివైన పని. డిజిటల్ ఫైళ్లతోపాటు సొంతానికి ప్రింటు వేసుకోవచ్చన్న అనుమతి కాగితం కూడా తీసుకోండి. అమెరికాలో అది లేకుండా ప్రొఫెషనల్ ఫొటోను కొన్ని ల్యాబులు ప్రింటు వేయవు.

ప్రశ్న: మా పాప ఫొటోలు ఓడ గ్యాలరీలో అందరికీ కనబడటం ఇష్టం లేదు.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ‘వద్దండీ’ అని చేయి అడ్డం పెడితే చాలు, బలవంతం చేయరు. పొరపాటున తీసింది ఉంటే గ్యాలరీ కౌంటర్‌కు వెళ్లి కేబిన్ నంబర్ చెప్పి తీసేయమనండి.