డూప్లికేట్ ఫ్లాగ్ పెట్టినా ప్రశ్న మూతపడట్లేదా?

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో 0.1 + 0.2 కలిపితే 0.30000000000000004 ఎందుకొస్తోందన్న ప్రశ్న పదేపదే వస్తోందనీ, ఇది పాత ప్రశ్నేనని డూప్లికేట్ ఫ్లాగ్ పెట్టినా మూయట్లేదనీ (అంటే కొత్త జవాబులు ఆపట్లేదనీ) రాశారు. చిక్కు, మూలప్రశ్న ఇదేనంటూ ఫ్లాగ్‌లో మీరిచ్చిన లింకులో ఉంది. అది డబ్బు లెక్కల ప్రశ్న. అక్కడి జవాబు డెసిమల్ (పదుల లెక్కలో అంకెల్ని దాచే డేటా రకం) వాడమంటుందే తప్ప 0.1 బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1 అంకెల పద్ధతిలో పూర్తిగా ఎందుకు ఇమడదో చెప్పదు. శీర్షికలు పోలితే చాలదు, అక్కడి జవాబుతో ఇక్కడి సందేహం తీరాలి.

ప్రశ్న ఏ అంశానిదో చెప్పే ట్యాగ్ పేజీలో ఫ్రీక్వెంట్ (Frequent) వరుస పెట్టండి. ఎక్కువసార్లు లింకు పడ్డ ప్రశ్నలు పైకొస్తాయి, మూలప్రశ్న సాధారణంగా అక్కడే దొరుకుతుంది. దానికి ఓటు పడ్డ జవాబో, ఆమోదం పొందిన జవాబో ఉండాలి.

మూయడానికి 3 ఓట్లు కావాలి, ఓటు వేసేవారికి సైట్‌లో 3,000 పాయింట్లుండాలి. ఆ ట్యాగ్‌లో గోల్డ్ బ్యాడ్జ్ (మంచి జవాబులతో సంపాదించుకునే గుర్తింపు) ఉన్నవారైతే డూప్లికేట్‌ను ఒక్కరే మూసేస్తారు. కాబట్టి ఆ ట్యాగ్ చాట్‌లో లింకు పెడితే పని త్వరగా అవుతుంది.

ఈలోగా జాలిపడి జవాబు రాసేయకండి, జవాబులు రెండుచోట్లా చీలిపోతాయి. “పాతది చూడు” అని కసిరే బదులు, “మీ రెండో లైనులో జరిగేది ఇక్కడ వివరించారు” అని కామెంట్ పెట్టండి. మూసినదాన్ని తొలగించమని మాత్రం అడగొద్దు. వేరే మాటలతో వెతికేవాళ్లు దాని మీదుగానే అసలు జవాబుకు చేరతారు.