ఉక్రోషం అంటే ఏంటి సార్?

అమ్మాయీ,

వచ్చే నెల నుంచి ఆరో తరగతికి వారానికో పీరియడ్ భావోద్వేగాల గురించి చెప్పమన్నారని, టెన్షన్‌గా ఉందని రాశావు. ఒక్కటి మాత్రం చేయకు. మొదటి రోజే ‘కోపం అదుపులో పెట్టుకోండి’ అని మొదలెట్టకు.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్, అంటే భావాలను తెలుసుకుని వాడుకునే నేర్పు మీద 1990లో వ్యాసం రాసిన మనస్తత్వవేత్తలు పీటర్ సాలోవే, జాన్ మేయర్ 1997లో దాన్ని నాలుగు మెట్లుగా పేర్చారు. భావాన్ని గుర్తుపట్టడం, ఆలోచనకు వాడుకోవడం, అర్థం చేసుకోవడం, ఆ తర్వాతే సంబాళించుకోవడం. మనమేమో పిల్లల్ని తిన్నగా నాలుగో మెట్టు మీదికి దూకమంటాం.

నేనూ అదే చేశాను. ఓసారి ఒక పిల్లాడు లెక్కల నోటుపుస్తకం పరపరా చింపేశాడు. ‘అంత కోపం దేనికిరా?’ అన్నాను. ‘కోపం కాదు సార్’ అన్నాడు. కింది పెదవి వణుకుతోంది. ఎదురు చెబుతున్నాడని బయట నిలబెట్టాను. ఇంటికెళ్లాక గుర్తొచ్చింది, బోర్డు దగ్గర వాడు లెక్క తప్పు చేస్తే క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాడు పక్కకు పిలిచి, ‘నిన్న నీకొచ్చింది ఉక్రోషం కదరా’ అన్నాను. ‘అంటే ఏంటి సార్?’ ‘అందరూ నవ్వారు, నువ్వేమీ చేయలేవు. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొస్తాయి చూడు, అదీ.’ వాడు తలెత్తి, ‘ఆ, అదే’ అన్నాడు.

కాబట్టి మొదటి నెలంతా మాటలే నేర్పు. చిరాకు, అలక, ఉక్రోషం, కక్ష అన్నిటినీ పిల్లలు కోపమనే అంటారు. దిగులుకీ బెంగకీ తేడా ఏంటో అడుగు, క్లాసు రెండుగా చీలిపోయి వాదించుకుంటుంది. ఇది మాటల గారడీ కాదు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసిన మెదడు స్కాన్లలో, ఫొటోలోని ముఖంలో కనిపించే భావానికి పేరు పెట్టినప్పుడు భయం లాంటి భావాలకు స్పందించే మెదడు భాగం అమిగ్డలా స్పందన తగ్గింది.

ఇలాంటి పాఠాల వల్ల లాభమేంటని హెడ్మాస్టర్ అడిగితే 2011 నాటి సమీక్ష చూపించు. స్కూళ్లలో ఇలాంటివే 213 కార్యక్రమాలు, 2,70,000 మంది పిల్లలు, చదువులో 11 పర్సెంటైల్ మెరుగుదల. అంటే వందమందిలో మధ్యనున్న పిల్లాడు ఇంకో పదకొండు మందిని దాటినట్టు. అది 11 మార్కులు కాదని కూడా చెప్పు, లేకపోతే రేపు నీ మెడకే చుట్టుకుంటుంది. కళ్లు మూసుకుని కూర్చోబెడితే చాలనుకునేవాళ్లకు బ్రిటన్ సంగతి చెప్పు. అక్కడ 80కి పైగా స్కూళ్లను తీసుకుని, దాదాపు సగం వాటిలో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస నిలిపే సాధన) నేర్పి చూస్తే, 2022లో తేలిందేమిటంటే మిగతా స్కూళ్లలో మామూలుగా చెప్పే భావోద్వేగ పాఠాల కన్నా పెద్ద మేలేమీ లేదని. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు.

ఎవరినీ లేపి ‘నీ బాధ చెప్పు’ అనకు. మార్కులు అసలే వేయకు. నీకు చిరాకొచ్చిన రోజు మాత్రం ‘ఇవాళ నాకు చిరాకుగా ఉంది, మీవల్ల కాదు’ అని పైకే చెప్పేయి.

పిల్లలు నాకు తెలియని మాటలేవైనా చెబితే రాసి పంపు.

మీ మాస్టారు