మిషన్ కంటే ముందు నీళ్ల తొట్టి కట్టండి

తిరుపతిలో మేడ మీద ఒక జత పెద్దబాతుల్ని పెంచుతున్నానని, గుడ్లు కోడిగుడ్ల ఇంక్యుబేటర్‌లో పెడితే సగం పిల్లే కట్టలేదని, మిగతావాటిలో పిల్ల పూర్తిగా తయారై పెంకులోనే చచ్చిపోయిందని రాశారు. ఇంకా మంచి ఇంక్యుబేటర్ ఏది కొనాలని మీ ప్రశ్న. ఏదీ కొనకండి. ఎంత ఖరీదైన మిషన్ తెచ్చినా ఇదే జరుగుతుంది. మీ మేడ మీద తక్కువైంది నీళ్లు.

మాది పాకాల నుంచి దామలచెరువు పోయే దారిలో ఒక పల్లె. తోతాపురి మామిడి తోట, నాలుగు ఆవులు ఉన్నాయి. చెట్ల కింద గరిక మేస్తాయని మా మామ పెద్దబాతుల్ని తెచ్చారు. గరిక మాట నిజమే, శుభ్రంగా మేస్తాయి. అప్పటినుంచి అవే గుడ్లు పెట్టి, అవే పొదిగి, అవే పిల్లల్ని లేపుతున్నాయి.

మీకు జరిగినవి రెండు వేర్వేరు నష్టాలు. పిల్ల కట్టని గుడ్డుకు మిషన్‌తో సంబంధం లేదు. అది మగది ఆడదానితో సరిగ్గా జతకట్టనప్పుడు పెట్టిన గుడ్డు. పెద్దబాతు బరువైన జీవి, గట్టి నేల మీద, అందులోనూ సిమెంటు మీద, దానికి పట్టు చిక్కదు. నీళ్లలో అయితే ఆ బరువు నీళ్లే మోస్తాయి. మా వాటిని చూస్తుంటాను కదా, తొట్టిలో దిగగానే రెండూ మెడలు ముంచి లేపి, ముంచి లేపి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి, ఆ తర్వాతే జతకడతాయి. గిన్నెలు కడిగే టబ్బు పెడితే ముక్కు కడుక్కుంటాయి, అంతే. మోకాలి లోతు, రెండూ పక్కపక్కన తిరగగలిగినంత వెడల్పు ఉండాలి. ఇంకో సంగతి, మొదటి ఏడు పెట్టిన గుడ్లతో పొదిగించడానికి ఆశపడొద్దు. అవి చిన్నవిగా ఉంటాయి, పిల్ల కట్టేవి తక్కువ. రెండో ఏటి నుంచి చూడండి. ఇది ఏళ్ల తరబడి గుడ్లు పెట్టే జీవి, ఒక ఏడు ఆగితే పోయేదేమీ లేదు.

సగం గుడ్లు పిల్ల కట్టాయంటే మీకు నిజంగా జతే దొరికింది. సంతలో జత అని చెప్పి రెండు ఆడవాటిని అంటగట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండూ ఒకే గూట్లో గుడ్లు పెడతాయి, కొన్నవాళ్లు కుప్ప చూసి సంబరపడతారు, నెల రోజులు ఎదురుచూస్తారు, అన్నీ మురిగిపోతాయి. ముక్కు మీద బుడిపె ఉండే రకమైతే మగదానికి బుడిపె పెద్దది, మెడ లావు. గొంతు కూడా పట్టిస్తుంది. మగది సన్నగా, కీచుగా అరుస్తుంది, ఆడది బొంగురుగా. పట్టుకుని తోక కింద చూపించి తేల్చమనండి, తేల్చని మనిషి దగ్గర కొనొద్దు.

ఇక పెంకులో చచ్చిపోయిన పిల్లల సంగతి. దీని గురించే నేను ఇంత రాస్తున్నాను.

మా ఆడబాతు ఒక మార్గశిరంలో ఆవుల కొట్టంలో, తవుడు మూటల వెనక పొదుగుకు కూర్చుంది. తుపాను వాన పట్టుకుని కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. గుడ్లు ఎక్కువై దాని కిందికి పట్టలేదని, మిగిలినవి మా మరిది తిరుపతిలో వాళ్లింటికి తీసుకెళ్లి మిషన్‌లో పెట్టాడు. వాళ్లకు ఇన్వర్టర్ ఉంది, కరెంటు టెన్షన్ లేదు. అవే తల్లిదండ్రుల గుడ్లు, అదే నెల.

కొట్టంలో ఇది రోజూ పొద్దున పాలు పిండే వేళకు లేచేది. లేచే ముందు తన పొట్ట నుంచి పీకి పరిచిన మెత్తటి ఈకల్ని ముక్కుతో లాగి గుడ్ల మీద కప్పేది. వాన పడుతున్నా సరే, బోరు దగ్గర తొట్టిలో దిగి ఒకటికి రెండుసార్లు మునిగి, రెక్కలు కొట్టి, నాలుగు నోళ్లు కసువు కరిచి వచ్చేది. పొట్ట కింద నీళ్లు కారుతుండగానే ఈకలు పక్కకు తోసి గుడ్ల మీద కూర్చునేది. కూర్చున్నాక మెడ కిందికి వంచి ఒక్కో గుడ్డునూ ముక్కుతో దొర్లించేది. మా అత్త నన్ను పిలిచి అది తిరిగొచ్చి కూర్చోగానే ఒక గుడ్డు పట్టుకు చూడమంది. చల్లగా, కొంచెం తడిగా ఉంది. "ఆ తడి లేకుంటే లోపలి పిల్ల బయటికి రాలేదు పాపా" అంది. మగది అంతసేపూ మూటల దగ్గరే మెడ చాచి నిలబడేది. దానివల్ల చివరి ఆవును బయట కట్టి పాలు పిండుకోవాల్సి వచ్చింది.

నెల కావస్తుండగా గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టిక్కు టిక్కుమని పొడుస్తున్న చప్పుడు, సన్నగా కూత. తల్లి కింది గొంతుతో జవాబిచ్చేది. మర్నాటికి పెంకు మీద చిన్న పగులు. ఆ పగులులోంచి ముక్కు చివర తెల్లటి గట్టి మొటిమ కనిపించింది, దానితోనే పిల్ల పెంకు పొడుచుకుంటుంది. అక్కడితో ఆగిపోయింది. రాత్రయినా కదలదు. మా ఆడబిడ్డ కొడుకు పెంకు ఒలిచేద్దామని చెయ్యి పెట్టబోతే అత్త మణికట్టు పట్టుకుని లాగేసింది. పొరలో ఇంకా నెత్తురు నడుస్తుంటుంది, పచ్చసొన పూర్తిగా పిల్ల పొట్టలోకి పోయి ఉండదు, ఆ టైంలో ఒలిస్తే నెత్తురు కారి చచ్చిపోతుంది. మొదటి పగులు నుంచి బయట పడేదాకా ఒక రోజు పట్టడం దీనికి మామూలే. తెల్లారేసరికి తల్లి రెక్క కిందినుంచి తడి ఆరని పసుపు తలలు బయటికి వచ్చాయి.

మరిది మిషన్‌లో ఒక్కటీ బతకలేదు. గుడ్లు తెచ్చి మా ముందే పగలగొట్టాడు. పిల్ల నిండుగా ఉంది, లోపలి పొర మాత్రం ఎండిన అప్పడంలా ఒంటికి అంటుకుపోయింది. తల తిప్పే జాగా లేదు. మీరు చెప్పిన పిల్లలకూ ఇదే జరిగిందని నేను గట్టిగా చెప్పగలను. కోడిగుడ్డు 50, 60 గ్రాములుంటే ఇది 130, 150 దాకా తూగుతుంది. 21 రోజుల కోడిగుడ్డు లెక్కతో 30 రోజుల గుడ్డును పొదిగిస్తామంటే ఎలా?

ఉన్న మిషన్‌తోనే చేస్తానంటే తల్లి చేసే పని మీరు చేయాలి. వేడి 37.5 డిగ్రీలు. గుడ్డును నిలబెట్టకుండా అడ్డంగా పడుకోబెట్టి, రోజుకు నాలుగైదుసార్లు చేత్తో సగం తిప్పండి. కోడిగుడ్ల ట్రే కొంచెం వంచుతుందే తప్ప సగం తిప్పదు. పదో రోజు నుంచి రోజుకోసారి తీసి పావుగంట చల్లారనిచ్చి, గోరువెచ్చని నీళ్లు చిలకరించి మళ్లీ పెట్టండి. పెరిగేకొద్దీ లోపలి పిల్లే వేడి పుట్టిస్తుంది, అందుకే చల్లారనివ్వాలి. తేమ మొదట 50, 55 శాతం, చివరి మూడు రోజులు 75కు తగ్గకుండా చూసి, అప్పుడు తిప్పడం ఆపేయండి. పొదుగుకొచ్చిన నాటుకోడి దొరికితే మిషన్ కన్నా అదే నయం. నాలుగైదు గుడ్లకు మించి పెట్టొద్దు. ఇంత పెద్ద గుడ్డును అది దొర్లించలేదు, మీరే తిప్పాలి, మీరే తడపాలి. 21 రోజులు దాటాక కొన్ని కోళ్లు లేచిపోతాయి, కాబట్టి ఓపికగా కూర్చునే కోడినే ఎంచుకోండి.

గుడ్లు పోగుచేసేటప్పుడు ఫ్రిజ్‌లో పెట్టకండి. మన ఎండకు గదిలో ఊరికే వదిలేసినా లోపల పిల్ల అరకొరగా మొదలై ఆగిపోతుంది. తడి ఇసుకలో కుండ పెట్టి అందులో ఉంచి, వారం లోపల పొదుగుకు వేసేయండి.

పిల్లలు వచ్చాక కూడా నీళ్ల గొడవే. ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు గిన్నె కావాలి, లేకపోతే మేత ముక్కులో గడ్డకట్టుకుంటుంది. తల్లి లేని పిల్లల్ని మాత్రం తొట్టిలో వదలకండి, ఈకలకు జిడ్డు పట్టకముందు తడిసి చలికి చస్తాయి. మేత కొట్టులో అడిగితే బ్రాయిలర్ మేత చేతిలో పెట్టి పంపుతారు, నాకు ఈ కోపం ఎప్పటికీ తీరదు. ఆ మేత ఎక్కువై రెక్క చివర బయటికి తిరిగిపోయిన బాతుల్ని మా ఊళ్లోనే చూశాను. లేత కసువు, తరిగిన ఆకుకూర, ఉడికించిన నూకలు, తవుడు పెట్టండి. కాళ్లు బలహీనపడకుండా నీళ్లలో బీ కాంప్లెక్స్ చుక్కలు కలపండి. వేరుశనగ చెక్క మన జిల్లాలో ప్రతి ఇంట్లో ఉంటుంది, బూజు వాసన వచ్చిందంటే బాతుపిల్లల దరిదాపులకు తేవద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చింది అలాంటి వేరుశనగ పిండి తినే. అందులోని బూజు విషాన్ని బాతుపిల్లలు అసలు తట్టుకోలేవు.

మా బాతులు కార్తీకంలో మొదలుపెట్టి శివరాత్రికి ఆపేస్తాయి. మీవి ఇంకా పెడుతున్నాయంటే తొట్టి ఈ వారమే కట్టించండి. మేడ బరువు మోస్తుందో లేదో మేస్త్రీని అడిగి కట్టించండి. బాతులు అందులో దిగడం మొదలుపెట్టాక పది రోజులు ఆగి, ఆ తర్వాత వచ్చిన గుడ్లనే పొదుగుకు తీయండి. అంతకుముందువి ఇంట్లో అట్టు వేసుకోండి.