కంట్రోలర్ చేతిలో ఉండగా మధ్యలో ఇంటర్‌ఫేస్ ఎందుకు?

డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 డీజే కంట్రోలర్, స్కార్లెట్ 2ఐ2 ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కి తగిలించే సౌండ్ కార్డు పెట్టె), కొత్తగా కొన్న రెండు స్టూడియో మానిటర్లు (స్పీకర్లు) ఉన్నాయి, దేన్ని దేనికి కలపాలి అని కదా అడిగారు. ఇదే సరంజామాతో నేను రెండు వారాలు తల పట్టుకున్నాను కాబట్టి చెప్తున్నా, డీజేయింగ్ వరకే అయితే ఇంటర్‌ఫేస్‌ని పక్కన పెట్టేయండి. కంట్రోలర్ లోపలే సౌండ్ కార్డు ఉంది. వెనకాల ఉన్న ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు పిన్నులు పట్టే) మాస్టర్ అవుట్ నుంచి నేరుగా మానిటర్లకి రెండు వైర్లు, అంతే.

నేను అలా చేయలేదు. డబ్బు పోసి కొన్న ఇంటర్‌ఫేస్‌ని ఊరికే ఉంచడమా అని సాఫ్ట్‌వేర్‌లో ఆడియో అవుట్‌పుట్‌ని స్కార్లెట్‌కి మార్చాను. స్పీకర్లలో పాట బ్రహ్మాండంగా వచ్చింది, కానీ తర్వాతి పాటని హెడ్‌ఫోన్‌లో ముందే విని కలుపుదామంటే కుదరదు, ఎందుకంటే 2ఐ2కి ఉన్నవి రెండే అవుట్‌పుట్లు, ఎడమకొకటి కుడికొకటి, హెడ్‌ఫోన్ జాక్‌లో వచ్చేదీ ఆ స్పీకర్ల సౌండే. క్యూకి, అంటే అలా ముందే వినడానికి, విడిగా ఇంకో జత కావాలి, అంటే నాలుగు అవుట్‌పుట్లున్న 4ఐ4 లాంటిది. క్యూ వినపడకపోతే అది డీజేయింగ్ కాదు, ప్లేలిస్ట్ పెట్టుకోవడం.

వైర్ల దగ్గర ఇంకా పెద్ద కామెడీ జరిగింది. మొదటి రోజు ఇంట్లో ఒక్కటే వైరు ఉంది, రెండు పక్కలా స్టీరియో పిన్ను ఉన్నది. ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఒక్క మానిటర్‌కి పెట్టి చూస్తే పాటలో గొంతు లేదు, కిక్ లేదు, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు రివర్బ్ మాత్రం వినిపిస్తోంది. మానిటర్ పోయిందనుకుని టెన్షన్ పడి షాపుకి ఫోన్ కూడా చేశాను. తప్పు నాదే. ఆ పిన్నులో ఎడమ, కుడి రెండూ వెళ్తాయి, మానిటరేమో దాన్ని బ్యాలెన్స్‌డ్ సిగ్నల్ (ఒకే సౌండ్‌ని ఒక తీగలో మామూలుగా, ఇంకో తీగలో తిరగేసి పంపేది) అనుకుని ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది, రెండిట్లో సమానంగా ఉండే గొంతు, బేస్ సున్నా అయిపోతాయి. మీ మానిటర్‌కి ఆర్‌సీఏ ఇన్‌పుట్ లేకపోతే షాపులో "ఒక పక్క ఆర్‌సీఏ, ఇంకో పక్క పీ-38 మోనో" (పీ-38 అంటే పావు అంగుళం లావు పిన్ను) అని అడగండి, ఎడమకొకటి, కుడికొకటి. నేను కోఠి గుజరాతీ గల్లీలో తీసుకున్నాను. ఆర్‌సీఏ బ్యాలెన్స్‌డ్ కాదు కాబట్టి రెండు మూడు మీటర్లు దాటనివ్వకండి.

ట్రాక్స్ కూడా తయారు చేస్తారా? అప్పుడు మానిటర్లని ఇంటర్‌ఫేస్ వెనక అవుట్‌పుట్లకే కలిపేసి, కంట్రోలర్ మాస్టర్ అవుట్‌ని ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ 1, 2లోకి తీసుకోండి. ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్ (గిటార్ లాంటి వాటి కోసం) బటన్ ఆఫ్, 48వీ (మైకు కరెంటు) ఆఫ్, డైరెక్ట్ మానిటర్ (ఇన్‌పుట్ సౌండ్‌ని నేరుగా స్పీకర్లకి పంపేది) స్టీరియోలో, గెయిన్ బాగా తక్కువలో. సాఫ్ట్‌వేర్ అవుట్‌పుట్, హెడ్‌ఫోన్ రెండూ కంట్రోలర్‌వే. ఇప్పుడు నాది ఇలాగే ఉంది, మిక్స్ రికార్డింగ్ కూడా తేలికవుతుంది.

గుయ్ మని హమ్ వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోయిందా, అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల మధ్య ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడి పుట్టే హమ్. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే చాలాసార్లు తగ్గుతుంది, నాకు తగ్గింది. ఎవరో చెప్పారని ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, షాక్ కొడుతుంది. ఆన్ చేసేటప్పుడు మానిటర్లు ఆఖర్న, ఆఫ్ చేసేటప్పుడు అవే ముందు, లేకపోతే ఆ "ఢబ్" సౌండ్‌కి కింద ఫ్లాట్ ఆంటీ పైకొచ్చేస్తారు.

మీ మానిటర్ల వెనకాల ఏమేం ఇన్‌పుట్లు ఉన్నాయో చూసి ఇక్కడే రాయండి, ఏ వైరు తెచ్చుకోవాలో చెప్తా.